హద్దు దాటిన పేరు ఎవరిది?

రూహ్ అఫ్జా షర్బత్ 1907లో ఢిల్లీలో పుట్టింది. హకీం హాఫిజ్ అబ్దుల్ మజీద్ నడిపిన హమ్‌దర్ద్ యునానీ దవాఖానాలో తయారైన ఆ ఎర్రటి పానీయానికి దేశ విభజన తర్వాత ఇద్దరు యజమానులయ్యారు. పెద్ద కొడుకు ఢిల్లీలోనే ఉండిపోయాడు. చిన్న కొడుకు కరాచీ వెళ్లి 1948లో అక్కడ మరో హమ్‌దర్ద్ పెట్టాడు. భారతదేశంలో ఆ పేరు ఢిల్లీ సంస్థది, పాకిస్తాన్‌లో కరాచీ సంస్థది. కరాచీ సరుకు అమెజాన్ ద్వారా ఇక్కడివాళ్ల ఇళ్లకు చేరుతోందని తెలిసి ఢిల్లీ సంస్థ కోర్టుకెక్కింది. ఆ సరుకును భారతీయ వెబ్‌సైటు నుంచి తీసేయమని 2022 సెప్టెంబరులో ఢిల్లీ హైకోర్టు ఆదేశించింది. కరాచీ వాళ్లు చేసింది నకిలీ సరుకు కాదు, తమ దేశంలో తమ సొంత పేరుతో చేసిన సరుకే. హద్దు దాటేసరికి ఆ పేరు మీద వాళ్లకు హక్కు లేకుండా పోయింది.

ట్రేడ్‌మార్క్ చట్టమంతా ఈ హద్దు మీదే నిలబడి ఉంది. ‘ఇంటర్నేషనల్ ట్రేడ్‌మార్క్’ అని వ్యాపారస్తులు మాటవరసకు అంటారు గాని, ప్రపంచమంతా చెల్లే అలాంటి హక్కును ఇచ్చే కార్యాలయం ఎక్కడా లేదు. దేశదేశానికీ విడిగా పుట్టే హక్కులున్నాయి, వాటికి ఒకేచోట దరఖాస్తు పెట్టుకునే సదుపాయాలున్నాయి. తెలుగు రాష్ట్రాల దరఖాస్తులు చెన్నైలోని ట్రేడ్‌మార్క్స్ రిజిస్ట్రీ పరిధిలోకి వస్తాయి. అక్కడ రిజిస్టరైన పేరు కాకినాడ నుంచి కాశ్మీరు దాకా చెల్లుతుంది. దుబాయిలో, డాలస్‌లో అది చెల్లాలంటే అక్కడి చట్టం కింద మళ్లీ హక్కు పుట్టాల్సిందే.

ఈ చిక్కును దేశాలు పందొమ్మిదో శతాబ్దంలోనే గుర్తించాయి. 1883 నాటి పారిస్ ఒప్పందం వ్యాపారికి కొంత వెసులుబాటు ఇచ్చింది, ఇప్పుడది ఆరు నెలలు. సొంత దేశంలో దరఖాస్తు పెట్టిన ఆరు నెలల లోపు మరో సభ్యదేశంలో పెడితే, అక్కడ కూడా మొదటి తేదీనే లెక్కలోకి తీసుకుంటారు. భారతదేశం ఈ ఒప్పందంలో చేరింది 1998 డిసెంబరులో. ఆ ఆరు నెలల విలువ తెలియక దాన్ని చేజార్చుకునే చిన్న వ్యాపారులు ఇప్పటికీ ఉన్నారు. ఎగుమతి ఆలోచన మనసులో ఉన్నవాళ్లు దేశీయ దరఖాస్తు పెట్టిన రోజునే క్యాలెండరులో ఆ గడువు గుర్తు పెట్టుకోవాలి.

ఒకే దరఖాస్తుతో పలు దేశాల్లో హక్కు కోరే వీలు కల్పిస్తూ 1891లో మాడ్రిడ్ ఒప్పందం వచ్చింది. దాని కింద నమోదైన మొట్టమొదటి ముద్ర 1893లో స్విట్జర్లాండుకు చెందిన సుషార్ చాక్లెట్‌ది. ఆలోచన మంచిదే అయినా బ్రిటన్, అమెరికా వంటి దేశాలు దాదాపు వందేళ్లు దూరంగానే ఉండిపోయాయి. వ్యవహారమంతా ఫ్రెంచిలో నడిచేది. సొంత దేశంలో రిజిస్ట్రేషన్ పూర్తయితే తప్ప బయటికి అడుగు వేయడానికి వీల్లేదు. అభ్యంతరం చెప్పడానికి ఏ దేశానికైనా ఏడాదే గడువు. ఈ అడ్డంకులను సడలిస్తూ 1989లో మాడ్రిడ్ ప్రోటోకాల్ తయారైంది. 1996 ఏప్రిల్ నుంచి అది పని చేయడం మొదలుపెట్టింది. అమెరికా 2003లో, యూరోపియన్ యూనియన్ 2004లో, మన దేశం 2013 జూలై 8న, కెనడా 2019లో చేరాయి. 2024 ఆగస్టులో ఖతర్ చేరడంతో సభ్యుల సంఖ్య 115కి, వాటి పరిధిలోని దేశాల సంఖ్య 131కి చేరింది.

మాడ్రిడ్ వ్యవస్థ తపాలా కార్యాలయం లాంటిది. ఉత్తరాన్ని సరైన చిరునామాలకు చేరుస్తుంది, జవాబు మాత్రం అందుకున్నవాళ్లే రాయాలి. ఇక్కడి వ్యాపారి మన రిజిస్ట్రీ ద్వారా ఆన్‌లైన్‌లో ఒకే దరఖాస్తు ఇంగ్లీషులో పెడతాడు. మన రిజిస్ట్రీ అయిదు వేల రూపాయల హ్యాండ్లింగ్ ఫీజు తీసుకుని, ఇక్కడి దరఖాస్తులో ఉన్న పేరు, యజమాని, సరుకుల జాబితా అందులోనూ ఉన్నాయో లేదో సరిచూసి జెనీవాలోని ప్రపంచ మేధోసంపత్తి సంస్థకు పంపుతుంది. అక్కడ మూల రుసుము నలుపు తెలుపు ముద్రకు 653 స్విస్ ఫ్రాంకులు, రంగుల ముద్రకు 903. ఎంచుకున్న ప్రతి దేశానికీ అదనపు రుసుము ఉంటుంది. జెనీవా కార్యాలయం కాగితాలు సరిగ్గా ఉన్నాయో లేదో మాత్రమే చూస్తుంది. పేరు ఇవ్వవచ్చా లేదా అన్నది ఆయా దేశాలు తమ చట్టం ప్రకారం పన్నెండు నెలల్లోనో, పద్దెనిమిది నెలల్లోనో తేల్చాలి. గడువు లోపల కాదనకపోతే ఆ దేశంలో హక్కు వచ్చినట్టే. పదేళ్లకోసారి రెన్యువల్. యజమాని పేరో చిరునామానో మారితే ఒక్కచోట చెబితే అన్ని దేశాలకూ సరిపోతుంది. తర్వాత కొత్త దేశాలను కలుపుకోవడానికీ వీలుంది.

జెనీవా నుంచి సర్టిఫికెట్ రాగానే పని అయిపోయిందనుకుని మిఠాయిలు పంచేవాళ్లుంటారు. నిజానికి అసలు పరీక్ష అప్పుడే మొదలవుతుంది. దరఖాస్తు వివరాలు బహిరంగంగా ప్రచురితమవుతాయి కాబట్టి ఇంకో బెడద కూడా వస్తుంది. అధికారిక సంస్థల పేర్లను పోలిన పేర్లతో, ముద్రలతో ‘రిజిస్టరులో చేర్చడానికి ఇంత కట్టండి’ అంటూ బిల్లులు ఇంటికొస్తాయి. వీటిని నమ్మవద్దని ప్రపంచ మేధోసంపత్తి సంస్థ నమూనాలు చూపించి మరీ హెచ్చరిస్తోంది. విదేశీ రుసుము కట్టమని ఉత్తరం వస్తే ముందు సొంత ఏజెంటును అడగాలి.

ఈ వ్యవస్థలోని పెద్ద బలహీనత అయిదేళ్ల షరతు. జెనీవాలో నమోదైన తేదీ నుంచి అయిదేళ్లపాటు విదేశీ హక్కులన్నీ సొంత దేశపు దరఖాస్తు మీదే ఆధారపడి ఉంటాయి. ఇక్కడ అది తిరస్కరణకు గురైనా, ఎవరో వ్యతిరేకించి గెలిచినా, అక్కడి హక్కులన్నీ ఆ మేరకు కూలిపోతాయి. వృత్తిలో ఉన్నవాళ్లు దీన్ని సెంట్రల్ అటాక్ అంటారు. పోటీదారు పది దేశాల్లో పది కేసులు వేయనక్కర్లేదు, మూలాన్ని కొడితే చాలు. మూడు నెలల లోపు ఆయా దేశాల్లో నేరుగా దరఖాస్తు పెట్టుకుని పాత తేదీని కాపాడుకునే అవకాశం ఉన్నా, ఖర్చంతా మళ్లీ మొదటినుంచీ పెట్టుకోవాలి. మన దేశంలో పత్రికలో పేరు ప్రకటించాక వ్యతిరేకించడానికి నాలుగు నెలల గడువుంటుంది, వ్యతిరేకత వస్తే వివాదం ఏళ్ల తరబడి సాగుతుంది. అందుకే భారతీయ వ్యాపారికి ఈ షరతు మిగతావాళ్లకన్నా ఎక్కువ బరువు. ఇక్కడి పునాది గట్టిదని నమ్మకం కుదరనిదే మాడ్రిడ్ దారిలో చాలా దేశాలకు డబ్బు పోయడం తెలివైన పని కాదు.

తెలుగువాళ్ల వ్యాపారాలకు పెద్ద బజారు అమెరికా. ఆవకాయ, కారప్పొడి, పూతరేకులు అక్కడికి పంపే ఇళ్లూ కంపెనీలూ ఎన్నో. అమెరికా రిజిస్ట్రేషన్‌లో మనవాళ్లకు ఎదురయ్యే చిక్కుల్లో మొదటిది ఇంటిపేరు. మన పచ్చళ్ల బ్రాండ్లలో చాలావాటికి యజమాని ఇంటిపేరే పేరు. కేవలం ఇంటిపేరుగా జనం గుర్తించే మాటను అమెరికా పేటెంట్ అండ్ ట్రేడ్‌మార్క్ ఆఫీసు మామూలుగా ఒప్పుకోదు. సరుకును వర్ణించే మాట తెలుగులో ఉన్నా దాని అర్థం ఇంగ్లీషులో అడిగి తెలుసుకుంటుంది. గోంగూర పచ్చడికి ‘గోంగూర’ అని పేరు పెట్టి హక్కు కోరితే దొరకదు. నేరుగా దరఖాస్తు పెట్టినవాళ్లకు ఇలాంటి పేర్ల కోసం సప్లిమెంటల్ రిజిస్టర్ అనే రెండో జాబితా ఉంది. మాడ్రిడ్ దారిలో వెళ్లినవాళ్లకు ఆ తలుపు మూసి ఉంటుంది. వాళ్లు తమ సరుకు తరగతిని మధ్యలో మార్చుకోవడానికీ వీల్లేదు.

తరగతుల సంగతి ఇక్కడే చెప్పుకోవాలి. నీస్ వర్గీకరణ సరుకులనూ సేవలనూ 45 తరగతులుగా విడదీసింది. మొదటి 34 సరుకులకు, మిగతా 11 సేవలకు. పచ్చళ్లు 29లో, మసాలాలు, మిఠాయిలు, కాఫీ 30లో, మందులు 5లో, భోజనశాలలు 43లో వస్తాయి. పచ్చళ్ల కంపెనీ ఒక తరగతిలోనే పేరు తీసుకుని, తర్వాత అదే పేరుతో కారప్పొడి అమ్మితే ఆ రెండో సరుకుకు పూర్తి రక్షణ ఉండదు. భారతదేశంలో ఆన్‌లైన్ దరఖాస్తుకు ఒక్కో తరగతికి వ్యక్తులు, స్టార్టప్‌లు, చిన్న పరిశ్రమలు 4,500 రూపాయలు, మిగతావాళ్లు 9,000 కడతారు. విదేశాల్లోనూ లెక్క తరగతుల మీదే కాబట్టి ఆశకొద్దీ అన్నీ రాసేయడమూ కుదరదు.

2019 ఆగస్టు నుంచి విదేశీ దరఖాస్తుదారులకు అమెరికాలో అక్కడి లైసెన్సు ఉన్న లాయరు ఉండి తీరాలి. రిజిస్ట్రేషన్ వచ్చిన అయిదో ఏడాదికీ ఆరో ఏడాదికీ మధ్య, పేరును నిజంగా వాడుతున్నామని ఆధారాలతో చెప్పాలి. జెనీవా రెన్యువల్ పదేళ్లకు కదా అని ధీమాగా కూర్చుంటే ఈ గడువు దాటిపోయి హక్కు రద్దవుతుంది. ఒక్క అమెరికాకే సరుకు పంపే చిన్న సంస్థ భారతీయ రిజిస్ట్రేషన్ ఆధారంగా అక్కడ నేరుగా దరఖాస్తు పెట్టుకోవడం మేలు. నాలుగైదు దేశాలు దృష్టిలో ఉన్నప్పుడు మాడ్రిడ్ ఖర్చు కలిసొస్తుంది.

గల్ఫ్ పటం వేరుగా ఉంటుంది. కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల నుంచీ గోదావరి జిల్లాల నుంచీ వెళ్లినవాళ్లున్న ఆ దేశాల్లో బహ్రెయిన్, ఒమన్ మాడ్రిడ్‌లో చాలాకాలంగా ఉన్నాయి. యుఎఇ 2021 డిసెంబరు చివర చేరింది. సౌదీ అరేబియా, కువైట్ మాత్రం ఆ జాబితాలో లేవు. ఆ రెండు దేశాల్లో స్థానిక ఏజెంటు ద్వారా విడిగా దరఖాస్తు పెట్టుకోవాల్సిందే. హైదరాబాద్ మందుల కంపెనీలకు ముఖ్యమైన దక్షిణాఫ్రికా, నైజీరియాల సంగతీ అంతే. ఫ్రెంచి మాట్లాడే ఆఫ్రికాలో మాత్రం పదిహేడు దేశాలకు కలిపి ఓఏపీఐ అనే ఒకే సంస్థ ఉంది. యూరోపియన్ యూనియన్‌లో ఒక్క రిజిస్ట్రేషన్ 27 దేశాలకు సరిపోతుంది. 2021 నుంచి బ్రిటన్ అందులో లేదు కాబట్టి లండన్ దుకాణాల కోసం వేరే దరఖాస్తు వేయాలి.

పేరు మీద హక్కు ఎలా పుడుతుందన్న విషయంలో దేశాలు రెండు దారుల్లో ఉన్నాయి. భారతదేశం, అమెరికా ముందు వాడినవాడికి పెద్దపీట వేస్తాయి. చైనా ముందు దరఖాస్తు పెట్టినవాడికి ఇస్తుంది. ఆపిల్ కంపెనీ ఐప్యాడ్ పేరు కోసం తైవాన్‌లోని ప్రోవ్యూ నుంచి 35,000 పౌండ్లకు హక్కులు కొంది, అదీ తన పేరు బయటపడకుండా మరో కంపెనీ ద్వారా. తీరా చూస్తే చైనాలోని రిజిస్ట్రేషన్లు షెన్‌జెన్‌లో ఉన్న సోదర సంస్థ పేర ఉన్నాయి. 2012 జూలైలో 6 కోట్ల డాలర్లు చెల్లిస్తే గాని ఆ వివాదం తీరలేదు. ఆపిల్ లాయర్లు దరఖాస్తు చేయడం మరిచిపోలేదు, డబ్బు కట్టడమూ మరిచిపోలేదు. ఏ దేశంలో హక్కు ఎవరి పేర ఉందన్న ఒక్క గడి సరిచూడలేదు.

బాస్కెట్‌బాల్ ఆటగాడు మైకేల్ జోర్డాన్‌కు అక్కడే ఇంకో అనుభవం. ఆయన ఇంటిపేరును చైనా లిపిలో రాసే ‘చావ్‌దాన్’ రూపాన్ని ఒక క్రీడాదుస్తుల కంపెనీ రిజిస్టర్ చేసుకుంది. ఏళ్ల తరబడి పోరాడితే 2016 డిసెంబరులో చైనా సుప్రీం పీపుల్స్ కోర్టు ఆ లిపి రూపం విషయంలో ఆయన వైపు మొగ్గింది. రోమన్ అక్షరాల్లో ఒక్క రిజిస్ట్రేషన్ తీసుకుని ఊరుకుంటే చైనాలోనూ, అరబ్బు దేశాల్లోనూ స్థానిక లిపిలోని పేరును మరొకరు పట్టుకుపోవచ్చు. వాడే ఉద్దేశం లేకుండా దురుద్దేశంతో పెట్టే దరఖాస్తులను తిరస్కరించేలా చైనా 2019లో చట్టాన్ని సవరించింది. అయినా ముందు వెళ్లినవాడిదే అక్కడ పైచేయి.

‘మా పేరు ప్రపంచ ప్రసిద్ధం, రిజిస్ట్రేషన్‌తో పనేముంది’ అనే వాదన ఎంత దూరం నిలుస్తుందో భారత సుప్రీంకోర్టు రెండు తీర్పులు చెబుతాయి. వాషింగ్ మెషీన్ల వర్ల్‌పూల్ ఇక్కడి రిజిస్ట్రేషన్ 1977లో రెన్యువల్ లేక పోయింది. 1986లో మరొకరు ఆ పేరుకు దరఖాస్తు పెట్టారు. విదేశీ కంపెనీ కీర్తి హద్దులు దాటి ఇక్కడికి చేరిందని నమ్మి 1996లో కోర్టు దాన్ని కాపాడింది. టయోటాకు అలా జరగలేదు. 1997లో జపాన్‌లో ప్రియస్ కారు తెచ్చిన ఆ కంపెనీ ఇక్కడ ఆ పేరును సకాలంలో రిజిస్టర్ చేయలేదు. ఢిల్లీలో కారు విడిభాగాల తయారీదారు 2001 నుంచే వాడుకుని 2002లో రిజిస్ట్రేషన్ కూడా తీసుకున్నాడు. 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు టయోటాను కాదంది. ప్రపంచంలో ఎంత పేరున్నా 2001 నాటికి భారతీయ కొనుగోలుదారుల్లో ఆ పేరు వ్యాపించిందని రుజువు చూపాలని, అప్పటికి ఇక్కడ ఇంటర్నెట్ వాడకమే పరిమితమని చెప్పింది. టయోటాకే ఇలా జరిగితే, కోనసీమ నుంచి మెల్‌బోర్న్‌కు పచ్చళ్లు పంపే సంస్థ అక్కడి కోర్టులో తన కీర్తిని ఏ కాగితాలతో నిరూపించగలదు? ఆస్ట్రేలియాలో అడుగుపెట్టినప్పుడు బర్గర్ కింగ్ తన పేరుతో దుకాణం తెరవలేకపోయింది. అక్కడ ఆ పేరు అప్పటికే ఒక చిన్న టేక్‌అవే దుకాణానిది. దాంతో ఆ వ్యాపారం 1971లో పెర్త్‌లో హంగ్రీ జాక్స్‌గా మొదలై నేటికీ ఆ దేశంలో ఆ పేరుతోనే నడుస్తోంది.

రిజిస్టరు చేసి వాడకుండా ఉంచుకోవడమూ ప్రమాదమే. ఐర్లండ్‌లోని గాల్వేలో మొదలైన సూపర్‌మ్యాక్స్ అనే రెస్టారెంట్ల సంస్థ మెక్‌డొనాల్డ్స్ వారి ‘బిగ్ మ్యాక్’ మీద సవాలు విసిరింది. వాడకానికి చూపిన సాక్ష్యాలు చాలవని 2019లో యూరోపియన్ కార్యాలయం ఆ రిజిస్ట్రేషన్‌ను రద్దు చేసింది. ఆ తర్వాత కొంత తిరిగి దక్కినా, చికెన్ శాండ్‌విచ్‌లకు ఆ పేరును అయిదేళ్లపాటు నిజంగా వాడినట్టు రుజువు కాలేదని 2024 జూన్‌లో యూరోపియన్ జనరల్ కోర్టు తేల్చింది. బిల్లులు, లేబుళ్లు, షిప్పింగ్ కాగితాలు, ప్రకటనలు తేదీలతో సహా దాచుకోవాలి. మన ఎగుమతిదారులు పన్ను అధికారుల కోసం దాచే కాగితాలే ఇక్కడా అక్కరకొస్తాయి. వాటిమీద బ్రాండు పేరు స్పష్టంగా ఉండేలా చూసుకోవాలి.

చిన్న ఎగుమతిదారులకు ఎక్కువగా తగిలే దెబ్బ మాత్రం మోసగాళ్ల నుంచి కాదు, నమ్మినవాళ్ల నుంచే. విదేశంలో సరుకు దించుకునే డిస్ట్రిబ్యూటరు ‘ఇక్కడి పనులు నేను చూసుకుంటాను’ అంటాడు. పేరును తన పేరిటే రిజిస్టర్ చేసుకుంటాడు. సంబంధం చెడిన రోజున ఎగుమతిదారు సొంత సరుకు ఆ దేశపు కస్టమ్స్‌లో ఆగిపోతుంది. ఇలా ఏజెంటు అనుమతి లేకుండా పేరు తీసుకుంటే దాన్ని రద్దు చేయించుకునే హక్కు పారిస్ ఒప్పందంలోనే ఉంది. అనుమతి ఇవ్వలేదని రుజువు చేసే భారం, లాయర్ల ఖర్చు, గడిచిపోయే సీజన్లు అన్నీ అసలు యజమాని మీదే పడతాయి. మొదటి కంటైనరు ఎక్కించే ముందే దరఖాస్తు వేయాలి, డిస్ట్రిబ్యూటరు ఒప్పందంలో పేరు ఎవరిదో ఒక వాక్యం రాసుకోవాలి.

దరఖాస్తుకు ముందు ఆ దేశంలో వెతుకులాట కూడా అంతే అవసరం. 2015లో హైదరాబాద్ డాక్టర్ రెడ్డీస్ అమెరికాలో ఎసోమెప్రజోల్ జెనరిక్ క్యాప్సూళ్లను ఊదారంగులో తెచ్చింది. ‘పర్పుల్ పిల్’గా పేరుపడ్డ తమ నెక్సియం రంగు తమ ట్రేడ్‌మార్క్ అంటూ ఆస్ట్రాజెనెకా డెలావేర్ కోర్టుకెళ్లింది. నవంబరులో అమ్మకాలు ఆపమని తాత్కాలిక ఆదేశం వచ్చింది, కంపెనీ తర్వాత రంగు మార్చుకుంది. మందు మీద పేటెంటు గడప దాటాక కూడా రంగు ఒక హద్దు గీసింది.

ఊరి పేర్ల కథ ఇంకా కష్టమైనది. హైదరాబాద్ హలీం 2010లో, బంగినపల్లి మామిడి 2017లో, అరకు కాఫీ 2019లో, ఆత్రేయపురం పూతరేకులు 2023లో భౌగోళిక గుర్తింపు పొందాయి. ఆ గుర్తింపు కూడా భారతదేశపు హద్దుల్లోనే చెల్లుతుంది. అరకు కాఫీకి 2017లోనే పారిస్‌లో దుకాణం వెలిసింది గాని, సరుకు వెళ్లినంత తేలిగ్గా గుర్తింపు వెళ్లదు. టీ బోర్డు అనుభవం చూస్తే ఈ సంగతి తెలుస్తుంది. డార్జిలింగ్ పేరుకు దేశాదేశాల్లో రిజిస్ట్రేషన్లు తెచ్చుకుని, 2011లో యూరప్‌లో భౌగోళిక రక్షణ కూడా సాధించింది. అయినా ‘డార్జిలింగ్’ పేరుతో లోదుస్తులు అమ్మే ఫ్రెంచి కంపెనీ మీద 2017లో యూరోపియన్ న్యాయస్థానంలో ఓడిపోయింది. తేయాకు, లోదుస్తులు వేర్వేరు సరుకులని, కొనేవాళ్లు రెంటినీ కలిపి చూడరని కోర్టు అంది. ఊరి పేరును కాపాడే పనికి ఒక్కో రైతు సంఘం శక్తి చాలదు. హలీం తయారీదారులకూ పూతరేకుల మహిళలకూ విదేశీ దరఖాస్తుల ఖర్చు రాష్ట్ర ప్రభుత్వాలే భరించాలి, టీ బోర్డులా ఏళ్ల తరబడి వెంటపడే మనుషులను నియమించాలి.

ఇంత శ్రమా ఎందుకన్నదానికి కెనడాలో జరిగిన అమూల్ కేసు మంచి ఉదాహరణ. 2020 జనవరిలో ‘అమూల్ కెనడా’ పేరుతో ఎవరో లింక్డ్‌ఇన్‌లో పేజీ తెరిచి, అమూల్ గుర్తునే వాడుకుంటూ ఉద్యోగుల జాబితాలు కూడా పెట్టారని గుజరాత్ సహకార సంఘానికి తెలిసింది. కెనడాలో అమూల్ పేరు అప్పటికే రిజిస్టరై ఉంది. ప్రతివాదులు కోర్టుకే రాలేదు. 2021లో కెనడా ఫెడరల్ కోర్టు ఆ పేజీలనూ ఖాతాలనూ అసలు యజమానులకు అప్పగించమంది. ట్రేడ్‌మార్క్ ఉల్లంఘనకు 10,000, కాపీరైట్ ఉల్లంఘనకు 5,000, ఖర్చుల కింద 17,733, మొత్తం 32,733 కెనడియన్ డాలర్లు చెల్లించమని ఆదేశించింది.